"ఒక్కదానివేగా, నీకేం ఖర్చు?"

(దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతాల్లో ఉద్యోగాలు చేసుకుంటూ ఒంటరిగా ఉంటున్న స్త్రీల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెళ్ళి చేసుకోనివాళ్ళు, భర్తను వదిలి వచ్చినవాళ్ళు, భర్త వదిలేసినవాళ్ళు, భర్త చనిపోయినవాళ్ళు - మనలో ఇన్ని రకాలవాళ్ళం ఉన్నాం. కానీ డబ్బు ప్రసక్తి వచ్చేసరికి అందరం వినేది ఒకటే మాట: "ఒక్కదానివేగా, నీకేం ఖర్చు?" ఈ మాట వెనకున్న ఆలోచనను ముందు చూద్దాం.

1957లో 15వ భారత కార్మిక మహాసభ కనీస వేతనానికి ఒక ప్రాతిపదికను నిర్ణయించింది. సంపాదించే మగవాడు ఒక యూనిట్, భార్య 0.8, పిల్లలిద్దరూ కలిసి 1.2, మొత్తం మూడు యూనిట్లు. 1991లో సుప్రీంకోర్టు రెప్టకోస్ బ్రెట్ కేసులో పిల్లల చదువు, వైద్యం, పండుగలు, ముసలితనం వంటి వాటికి మరో 25 శాతం కలపాలంది. కార్మికులకు ఇవి అవసరమైన రక్షణలే, కాదనడం లేదు. అయితే తన సంపాదనతో తానే ఇల్లు నడుపుకునే స్త్రీ ఈ చిత్రంలో ఎక్కడుంది? ఆమె మరొకరి లెక్కలో 0.8 మాత్రమే. అందుకే ఆమె జీతం యజమానికి 'చేతిఖర్చు'గానూ, ఇంట్లోవాళ్ళకి 'మిగులు'గానూ కనిపిస్తుంది.

వాస్తవం ఏమిటి? మనిషి ఒక్కరైనంత మాత్రాన గది అద్దె సగం కాదు. కొత్తపేట, చైతన్యపురి వీధుల్లో టు-లెట్ బోర్డుల మీద 'ఫ్యామిలీకి మాత్రమే' అని రాసి ఉంటే, మిగిలేది లేడీస్ హాస్టలే. అమీర్‌పేట నుంచి ఎల్.బి.నగర్‌కి 2018 సెప్టెంబర్‌లో మెట్రో వచ్చింది. 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మనకు టికెట్ లేదు. ఇది నిజమైన మేలే. కానీ రాత్రి ఆలస్యమైతే భయంతో ఎక్కే ఆటోకి మాత్రం డబ్బు పెట్టాల్సిందే.

ఇక బడ్జెట్ నెలకి కాక ఏడాదికి ఎందుకు వేసుకోవాలి? ఉదాహరణకి ఒక లెక్క వేద్దాం. చేతికి 18 వేలు వస్తాయనుకోండి. హాస్టల్‌కి 7 వేలు, టిఫిన్లు, ప్రయాణం, ఫోను వగైరాలకి 4 వేలు, ఇంటికి పంపేది 4 వేలు. నెలకి 3 వేల చొప్పున ఏడాదికి 36 వేలు మిగలాలి. మరి సంక్రాంతికీ దసరాకీ ఊరికెళ్ళడం, బట్టలు, పెట్టుపోతలు కలిపి 15 వేలు. జూన్‌లో తమ్ముడి పిల్లల ఫీజుకి 10 వేలు. హాస్టల్ మారితే అడ్వాన్సు 7 వేలు. జ్వరం వచ్చి వారం జీతం పోతే మందులతో సహా 6 వేలు. మొత్తం 38 వేలు. ఏ నెలా అప్పు చేయని మనిషి ఏడాది చివర 2 వేలు అప్పులో ఉంటుంది. ఈ ఖర్చులు అనుకోకుండా వచ్చినవేమీ కాదు. జ్వరం తప్ప మిగతావన్నీ ముందే తెలిసినవి. నెల లెక్కలో వాటికి చోటు లేదంతే.

అందుకని పన్నెండు నెలలకి పన్నెండు గళ్ళు గీయండి. ఇంటికి పంపేదాన్ని విడిగా రాయండి. అది అప్పా, సాయమా, బాధ్యతా అన్నది మీరే తేల్చుకోండి, ఒక పరిమితి పెట్టుకోండి. మన రాష్ట్రంలో 1985 నుంచీ, దేశమంతటా 2005 నుంచీ హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కు ఉంది. అయినా ఆస్తి పంచేటప్పుడు ఆడపిల్ల, ఫీజు కట్టేటప్పుడు పెద్దకొడుకు! ఈ ద్వంద్వనీతి మన ఖర్చుల పుస్తకంలోనే స్పష్టంగా కనబడుతుంది.

తర్వాత గడి అనారోగ్యానికి, ముసలితనానికి. ఉద్యోగం మారినప్పుడల్లా పీఎఫ్ డబ్బు తీసేసుకోకండి. ఇఎస్ఐ వర్తిస్తుందేమో యజమానిని అడగండి. చీటీ వేసేవాళ్ళు అది 1982 చట్టం కింద రిజిస్టరైందో లేదో కనుక్కోండి. తెలిసినావిడే కదా అన్న నమ్మకం రసీదు కాదు.

చివరిది వీలునామా. అత్తింటివాళ్ళు వెళ్ళగొట్టిన ఒక వితంతువు పుట్టింటి ఆసరాతో చదువుకుని, ఉద్యోగం చేసి డబ్బు దాచుకుంది. వీలునామా రాయకుండానే చనిపోయింది. హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఆ డబ్బు భర్త తరఫు వారసులకే చెందుతుందని 2009లో ఓంప్రకాశ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. బ్యాంకులో నామినీ పేరు రాసినంత మాత్రాన సరిపోదు, నామినీ వేరు, వారసులు వేరు. వీలునామా తెల్లకాగితం మీదైనా చెల్లుతుంది. ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు.

2017లో తెలంగాణ ప్రభుత్వం ఒంటరి స్త్రీలకు పెన్షన్ ప్రవేశపెట్టింది. మనం ఉన్నామని అలా గుర్తించింది, కానీ నిస్సహాయులుగానే. సంపాదించి ఇల్లు నడిపే స్త్రీగా గుర్తింపు ఇంకా రావాలి. అది అడగాలంటే లెక్కలు కావాలి. వచ్చే సమావేశానికి ఎవరి ఏడాది లెక్క వాళ్ళు రాసి తీసుకురండి. పేర్లు అక్కర్లేదు. వాటన్నిటినీ కలిపి కనీస వేతనాల గురించి కార్మికశాఖకు ఇచ్చే వినతిపత్రంలో జతచేద్దాం.