ఒకే పొయ్యి, వేరు వేరు విస్తళ్ళు



గత వారము ఉపన్యాసము ముగిసిన పిమ్మట ఒక తల్లి మా వద్దకు వచ్చి ఒక ప్రశ్న అడిగినారు. "అయ్యగారూ, మా అత్తగారు ఉల్లి ముట్టరు. మావారికి షుగరు. పెద్దవాడికి గుడ్డు లేకపోతే ముద్ద దిగదు. చిన్నదానికి కాస్త కారం తగిలినా కంచం తోసేస్తుంది. నేను ఎవరికని వండాలండీ?"

మేము సరియైన సమాధానము చెప్పలేకపోతిమి. "అన్నిటికిని ఆ పరమాత్మయే దిక్కు" అని తప్పించుకొంటిమి. ఇంటికి పోయిన తరువాత సిగ్గు కలిగినది. పరమాత్మ వచ్చి పోపు వేయడు గదా! అందుచేత ఈనాటి ప్రసంగమును ఆ తల్లి ప్రశ్నకే వినియోగింపదలచితిమి.

ఆహారమును గూర్చిన వాదము వచ్చినప్పుడెల్ల మనవారు భగవద్గీత పదునేడవ అధ్యాయమును ముందుకు తెత్తురు. కోడలు కూరలో వెల్లుల్లి రెబ్బ వేసినచో అది తామసమని మందలింతురు. సాత్త్విక, రాజస, తామసములని మూడు విధములైన ఆహారములు 8, 9, 10 శ్లోకములందు చెప్పబడిన మాట నిజమే. కాని ఆ శ్లోకములను నిదానముగా చదివినవారికి ఒక సంగతి తెలియును. అందు ఉల్లి, వెల్లుల్లి అను పేర్లు లేవు. మిక్కిలి పులుపు, మిక్కిలి ఉప్పు, మిక్కిలి వేడి, మంట పుట్టించునవి రాజసములని మాత్రము ఉన్నది. ఆ లెక్కన మన ఆవకాయ, గోంగూర ఏ కోవకు చెందునో వేరుగ చెప్పనక్కరలేదు. నవ్వుచున్నారు, మాకును ఆవకాయ లేనిదే మొదటి ముద్ద దిగదు. ఇక వండి జాము గడచినది, సారము పోయినది, నిలువయున్నది, ఎంగిలియైనది తామసమని చెప్పబడినది.

ఉల్లిని విడువవలెనను నియమము ధర్మశాస్త్రముల నుండి, పెద్దల ఆచారము నుండి వచ్చినది. అది గౌరవింపదగినదే. అత్తగారు దానిని జీవితాంతము పాటింతురు గాక. కాని నియమము పాటించువారి విస్తరికే గాని, ప్రక్కవారి విస్తరిని పరీక్షించుటకు కాదు. ఆయుర్వేదము కూడ ఈ భేదమును అంగీకరించినది. చరకసంహిత విమానస్థానమునందు ఆహారమును విచారించునప్పుడు చూడవలసిన ఎనిమిది అంశములు కలవు. ద్రవ్యస్వభావము, సంస్కారము, కలయిక, పరిమాణము, దేశము, కాలము, భుజించు నియమము అను ఏడింటి పిమ్మట ఎనిమిదవదిగా భోక్తను చెప్పినారు. అనగా వంట ఒకటియే యైనను తినువాడు మారినచో ఫలము మారును. నలుగురికి నాలుగు రుచులుండుట ఇంటికి పట్టిన దోషము కాదు.

ఇప్పుడు మా సంగతి ఒకటి చెప్పవలెను. కొన్ని సంవత్సరముల క్రిందట కోనసీమలో ఒక గ్రామమునకు ఉపన్యాసమునకు వెళ్ళితిమి. వచ్చిన వారికెల్ల వేళ చూడక అన్నము పెట్టిన డొక్కా సీతమ్మగారి (1841–1909) సీమ అది. మాకు వెల్లుల్లి పడదనియు, రాత్రి అన్నము తినమనియు, కొంచెము ఉప్పుడుపిండి యైనచో చాలుననియు ముందుగనే కార్డు వ్రాయుట అప్పటి మా అలవాటు. 'చాలును' అను మాటలో మా వినయమంతయు ఉన్నదని అనుకొనెడివారము. ఆ ఇంట అప్పటికే పెద్దాయనకు ఒక వంట, పిల్లలకు ఒక వంట జరుగుచుండెను. మా కార్డుతో మూడవది చేరినది.

రాత్రి పది గంటలకు మంచినీళ్ళ కొరకు లోపలికి వెళ్ళితిమి. ఆ ఇల్లాలు వంటింటి గుమ్మమునందు కూర్చుండి, మధ్యాహ్నపు చల్లారిన అన్నములో మజ్జిగ పోసికొని తినుచుండిరి. మమ్ము చూచి గిన్నె ప్రక్కకు జరిపినారు. ఆ ఇంట ఎవరి నియమము వారికి చెల్లినది. గీతలో తామసమని చెప్పిన అన్నము మాత్రము ఆమె వంతునకు వచ్చినది. జాము గడచిన అన్నము తినరాదని ఆ సాయంకాలమే వేదికమీద గొంతెత్తి చెప్పినవారము మేమే. ఆనాటి నుండి కార్డు వ్రాయుట మానితిమి. వెల్లుల్లి పడిన కూర వచ్చినచో పెరుగన్నముతో సరిపెట్టుకొందుము.

ఇక ఆ తల్లి ప్రశ్నకు వత్తము. ఆలోచించి చూడగా, మన తెలుగువారి భోజనమునందే దీనికి ఉపాయము ఉన్నదని తోచినది. అన్నము చప్పగా వండుదుము. పప్పు, కూర, చారు, పెరుగు వేరు వేరుగా ఉండును. నేయి, పొడి, పచ్చడి విస్తరిలో కలుపుకొందుము. కలుపుకొనుట తినువాని చేతిలోని పని. కనుక భేదమును పొయ్యి మొదట గాక చివర ఉంచవలెను. పప్పు ఒకటే ఉడికించి, మెత్తబడిన తరువాతనే చింతపండు పులుసు పోయవలెను; పులుపు ముందు పడినచో పప్పు మెదుగదు. తరువాత అత్తగారి వాటా తీసి ఇంగువ పోపు పెట్టి, మిగిలినదానికి వెల్లుల్లి పోపు పెట్టవచ్చును. కూర కూడ అంతే. చిన్నపిల్ల వాటాను కారము చల్లకముందే తీయవచ్చును. రెండు పోపులకు పట్టునది ఐదు నిమిషములు. రెండు వంటలకు పట్టునది ఒక పూట.

మధుమేహము గలవారికి వేరే వంట అవసరము లేదు. అన్నము తగ్గి కూర పెరిగిన చాలును. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించిన నాటి నుండి కొర్రలపై మోజు మరింత పెరిగినది. మంచిదే, కాని కొర్రన్నమైనను కొలత లేక తిన్నచో చక్కెర పెరుగును. ఒక్క మాట గట్టిగా చెప్పుచున్నాము: మాత్ర మ్రింగియో, ఇన్సులిను తీసికొనియో ఏకాదశి పేరిట పస్తుండకుడు. చక్కెర హఠాత్తుగా పడిపోయి స్పృహ తప్పు ప్రమాదము కలదు. ముందుగా వైద్యుని అడిగిన తరువాతనే ఉపవాసము. రక్తపుపోటు గలవారికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఉప్పు దినమునకు 5 గ్రాముల లోపే. కూరలో ఉప్పు తగ్గించి ఊరగాయ రెండుమార్లు వడ్డించుకొనువారిని మేము ఎరుగుదుము.

గ్రుడ్డు సంగతి మీరు ఎదురుచూచుచున్నారని తెలియును. బడిలో మధ్యాహ్న భోజనమునందే పిల్లలకు పెట్టుచున్నారు. ఇంట వద్దనినచో వాడు వీధిలో తినును, తినినట్లు చెప్పడు. అబద్ధము గ్రుడ్డు కంటె బరువైనదని మా అభిప్రాయము. దానికొక గిన్నె వేరుగ పెట్టి, ఉడకబెట్టుకొనుట, గిన్నె తోముట వానికే నేర్పవలెను. కార్తికము నెలరోజులు ఆ గిన్నెను అటకమీద పెట్టుమని అత్తగారు అడిగినచో, మనుమడు ఒప్పుకొనుననియే మా నమ్మకము. ఆజ్ఞాపించినచో ఏమగునో చెప్పలేము.

ఆ తల్లి ఈ దినము కూడ వచ్చినారు, నాలుగవ వరుసలో కూర్చున్నారు. అమ్మా, మీరు ఏమి తినుచున్నారని ఆనాడు మేము అడుగలేదు. ఇప్పుడు అడుగుచున్నాము. మీ ఇంటివారు కూడ అడుగుదురు గాక.

మంటపములో ప్రసాదము సిద్ధమైనదని కబురు వచ్చినది. ఈ పూట మొదటి పంక్తిలో వంటశాలలో ఉదయము నుండి పనిచేసిన తల్లులు కూర్చుందురు. వడ్డన పురుషులది. పులిహోర గంటె మాకు ఇవ్వుడు.