గల్లీ డాక్టరుకు కొత్త వైద్యం

(సర్వసభ్య సమావేశంలో వైద్య సేవా విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ వేదిక మీద మేము అంబులెన్సు గురించో, కంటి శిబిరం గురించో మాట్లాడతాం. మీరు వెంటనే చెయ్యి జేబులో పెడతారు. అల్లాహ్ మీకు మంచి ప్రతిఫలం ప్రసాదించుగాక. ఈసారి అడగబోయేదానికి దాత పేరు చెక్కించే పలక కూడా ఉండదు. మన గల్లీల్లో క్లినిక్ నడిపే ఫ్యామిలీ డాక్టర్లు కొత్త వైద్యం తెలుసుకోవడానికి సాయం చేద్దామంటున్నాం.

డాక్టరుకు మనమేం నేర్పుతామని కొందరు నవ్వారు. నేర్పేది మనం కాదు. పాతిక, ముప్పై ఏళ్ల కిందట ఎంబీబీఎస్ చేసి, పొద్దున్నించి రాత్రిదాకా రోగులను చూసే మనిషికి పుస్తకం తెరిచే తీరికేదీ? 2002 నాటి వైద్య వృత్తి నియమావళి ప్రకారం ప్రతి డాక్టరూ అయిదేళ్లలో కనీసం 30 గంటలు ఇలాంటి సదస్సులకు హాజరవ్వాలి. నగరంలో జరిగే సదస్సుకు వెళ్లాలంటే ఒకరోజు క్లినిక్ మూయాలి. వెళ్లలేనివారికి కొత్త సంగతి మోసుకొచ్చేది మందుల కంపెనీ రెప్రజెంటేటివ్. ఆయన అబద్ధం చెబుతాడని మేము అనం. తన సంచిలో ఉన్న మందు గురించే చెబుతాడు, అంతే. ధర తగ్గిన మందు గురించి చెప్పడానికి ఎవరొస్తారు?

రంజాన్ సంగతే తీసుకోండి. 2001లో 13 దేశాల్లో పన్నెండు వేలమందికి పైగా ముస్లిం షుగర్ రోగులపై ఎపిడయార్ అనే అధ్యయనం జరిగింది. టైప్ 2 షుగర్ ఉన్నవారిలో నూటికి దాదాపు 79 మంది ఆ నెలలో కనీసం 15 రోజాలు ఉన్నారు. ప్రమాదకరంగా షుగర్ పడిపోవడం మాత్రం మామూలు రోజులకన్నా ఏడున్నర రెట్లు పెరిగింది. డాక్టరు "రోజా వద్దు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే మన పెద్దవాళ్లు తలూపి ఇంటికొస్తారు. రోజా మానరు. మాత్రలు మాత్రం తమకు తోచినట్టు మార్చుకుంటారు.

దీనికి అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య, డార్ కూటమి కలిసి 2016లో మార్గదర్శకాలు తెచ్చి, 2021లో సవరించాయి. రంజాన్‌కు 6 నుంచి 8 వారాల ముందే రోగిని పరీక్షించి, ఎవరికి ఎంత ప్రమాదమో లెక్కగట్టాలి. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారికి, ఈమధ్యే షుగర్ పడిపోయి స్పృహ తప్పినవారికి రోజా వద్దని నచ్చజెప్పాలి. మిగతావారిలో చాలామందికి మోతాదు, వేళ మారిస్తే సరిపోతుంది. ఉదయం మాత్ర ఇఫ్తార్‌కు మారుతుంది. గ్లిబెన్‌క్లమైడ్ బదులు షుగర్‌ను అంతగా పడగొట్టని గ్లిక్లజైడ్ ఇవ్వవచ్చు. సహరీ ఇన్సులిన్ తగ్గించాల్సి రావచ్చు. వేలికి గుచ్చి చూసుకుంటే రోజా భంగం కాదు. 70కి తగ్గినా, 300 దాటినా ఆ రోజా విరమించాలి. డాపాగ్లిఫ్లోజిన్ గుండెకూ కిడ్నీలకూ మేలు చేస్తుంది. 2020లో పేటెంటు ముగిశాక పేదవాడికీ అందే ధరకు దిగింది. కానీ మూత్రం ఎక్కువ చేస్తుంది కనుక రోజాల మధ్యలో కొత్తగా మొదలుపెట్టకూడదు. ఇవన్నీ గల్లీ డాక్టరు చేయగలిగినవే, స్పెషలిస్టు అక్కర్లేదు.

ఆ 6, 8 వారాల లెక్క రజబ్ నెలలో పడుతుంది. మనవాళ్లు డాక్టరు దగ్గరికి పోయేదేమో కళ్లు తిరిగి పడ్డాక!

టీబీలోనూ అంతే. వారానికి మూడు రోజులు మందులిచ్చే పద్ధతి పోయి 2017 నుంచి రోజూ ఇచ్చే పద్ధతి వచ్చింది. మొండి టీబీకి ఆరు నెలల మాత్రల కోర్సును కేంద్రం 2024లో అనుమతించింది. ఏడాదిన్నర దాటే చికిత్సకు భయపడి ఆస్పత్రి మానేసిన రోగికి ఆ కబురు చెప్పాల్సింది మొదట చూసే డాక్టరే.

మా ఆలోచన ఇది. నెలకో ఆదివారం జొహర్ తర్వాత మన స్కూలు హాల్లో రెండు గంటల తరగతి. చెప్పేది మెడికల్ కాలేజీ అధ్యాపకులు. కంపెనీ బ్యానరు ఉండదు, డాక్టర్లకు రూపాయి ఇవ్వం. ఏ మతం డాక్టరైనా రావచ్చు. మన రోగులు అందరి దగ్గరికీ వెళుతున్నారు కదా. ఈ గంటలు లెక్కలోకి రావాలంటే రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ గుర్తింపు కావాలి. ఆ దరఖాస్తు పని మేము చూసుకుంటాం. ఖర్చల్లా అధ్యాపకుల ప్రయాణం, భోజనం, రోగులకు పంచే తెలుగు, ఉర్దూ కార్డులు, షుగర్ పరీక్ష స్ట్రిప్పులు.

ఒక మాట స్పష్టం చేయాలి. జకాత్ సొమ్ము పేదల హక్కు. దాన్ని దీనికి ముట్టుకోం. ఇది సదకా నుంచే జరగాలి. అందుకే రసీదు పుస్తకం వేరుగా పెట్టాం.

మొదటి తరగతి రజబ్‌లో. మీ ఇంటి దగ్గరి డాక్టరు పేరు, క్లినిక్ ఉన్న వీధి ఒక చీటీ మీద రాసి ఆఫీసులో ఇవ్వండి. వెళ్లి పిలిచే పని మాది.