ఇంటి ముందు డిజైన్ కాంక్రీట్ వేయించాలా? నా తప్పులు చూసి డిసైడ్ అవ్వండి

ఈ ఎపిసోడ్ స్టూడియోలో కాదు, రాజుపాలెంలో మా ఇంటి ముందు నిలబడి చేస్తున్నా. కెమెరా కిందకి తిప్పుతా చూడండి. గేటు నుంచి వరండా దాకా 30 అడుగులు, ముదురు బూడిద రంగు బండలు పరిచినట్టు ఉంది కదా? బండలు కాదు, కాంక్రీటే. ఇంకా పచ్చిగా ఉండగానే పైన రంగు పొడి చల్లి, రబ్బరు అచ్చులతో నొక్కుతారు. స్టాంప్డ్ కాంక్రీట్ అంటారు. రెండేళ్ల క్రితం హైదరాబాద్‌లో జాబ్ చేస్తూ, రీల్స్‌లో చూసి ముచ్చటపడి, ఇంట్లో ఎవర్నీ అడక్కుండా ఆర్డర్ ఇచ్చేశా.

ఇప్పుడు ఈ పగులు చూడండి. తులసికోట పక్కనుంచి అడ్డంగా ఎలా పోయిందో. ఇది ఒక నష్టం. రెండోది కెమెరాకి కనపడదు. మొదటి వానాకాలంలో మా నాయనమ్మ ఇక్కడే జారిపడింది. మణికట్టు విరిగి ఆరు వారాలు కట్టుతో ఉంది. అందుకే ఈ వీడియో.

ముందు పగులు సంగతి. మనది నల్లరేగడి నేల. పత్తికి, మిరపకి బంగారం, ఇంటికి మాత్రం తలనొప్పి. ఈ మట్టిలో ఉండే బంకమన్ను నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. వేసవిలో చేలో నెర్రెలు చూస్తాం కదా, కాలు దిగేంత, అదే మట్టి మన కాంక్రీటు కిందా ఉంది. ఏటా పైకి లేస్తుంది, కిందకి దిగుతుంది. పైన ఎంత అందమైన డిజైన్ ఉన్నా అది కొన్ని మిల్లీమీటర్లే. మొత్తం బరువు మోసేది కిందున్నదే. మాకు పని చేసినాయన ఆ మట్టి మీదే కాస్త ఇసుక చల్లి పోసేశాడు. ఆయన్నే అనలేను, నేను డిజైన్ ఫోటోలు పంపానే తప్ప కింద ఏం వేస్తున్నావని ఒక్కసారి కూడా అడగలేదు.

చేయాల్సింది ఇది. నల్లమట్టి కనీసం అడుగు, అడుగున్నర తీసేయాలి. గ్రావెల్ ఒకేసారి నింపకూడదు, పొరలు పొరలుగా వేసి, నీళ్లు కొట్టి, దిమ్మిసతో గట్టిపరచాలి. ఆ పైన 4 అంగుళాల కాంక్రీటు. ట్రాక్టర్ లోపలికి వచ్చే ఇల్లయితే 6 అంగుళాలు వేసి, ఇనప మెష్ పెట్టించండి. వాన నీళ్లు గోడ వైపు రాకుండా అడుగుకి పావు అంగుళం వాలు ఉండాలి.

తర్వాత జాయింట్లు. కాంక్రీటు ఆరేటప్పుడు ఎలాగూ కుంచించుకుంటుంది, ఎక్కడో ఒకచోట పగులుతుంది. ఎక్కడ పగలాలో ముందే మనం గీసి పెట్టడమే జాయింట్. 4 అంగుళాల మందానికి 8 నుంచి 10 అడుగులకొకటి, అంగుళం లోతున, వేసిన రోజే కోయాలి. మా దగ్గర "డిజైన్ పాడవుద్ది" అని ఒక్కటీ కోయలేదు. కాంక్రీటే తనకు నచ్చిన చోట కోసుకుంది.

నీళ్ల గురించి కూడా చెప్పాలి. కలిపేటప్పుడు జారుగా ఉంటే పని సులువని నీళ్లు పోసేస్తారు. 50 కిలోల బస్తాకి ఇసుకలో తడితో కలిపి 25 లీటర్లు దాటితే బలం పడిపోతుంది. పక్కన నిలబడి బకెట్లు లెక్కపెట్టండి, ఎవరేమనుకున్నా పర్లేదు. క్యూరింగ్‌కి ఐఎస్ 456 అనే మన దేశపు కోడ్, ఎండ ఎక్కువున్న చోట కనీసం 10 రోజులు తడిగా ఉంచమంటుంది. ఇప్పుడు మార్కెట్లో ఎక్కువగా దొరికే పీపీసీ సిమెంటుకి 14 రోజులు మంచిది. కానీ రంగు కాంక్రీటు మీద తడి గోనె పట్టాలు కప్పితే మచ్చలు పడతాయి. దానికి స్ప్రే చేసే క్యూరింగ్ కాంపౌండ్ వేరే ఉంటుంది. అది అడగండి.

ఇక నాయనమ్మ పడ్డ కథ. స్టాంప్డ్ కాంక్రీటు పైన సీలర్ అని ఒక కోటింగ్ వేస్తారు. తడి బండలా మెరవాలని నేనే గ్లాసీ ఎంచుకున్నా. మా ఇంట్లో రోజూ తెల్లారకముందే కళ్లాపి చల్లుతారు. గ్లాసీ సీలర్ మీద కళ్లాపి అంటే గాజు మీద సబ్బునీళ్లే. ఇదంతా ముందే ఆలోచించాల్సింది నేను. సాఫ్ట్‌వేర్‌లో యూజర్ ఎవరో తెలుసుకోకుండా కోడ్ రాయకూడదని జూనియర్లకి క్లాసులు పీకినోణ్ణి!

తర్వాత ఆ కోటింగ్ గీకించి, మెరుపు లేని సీలర్‌లో జారకుండా కలిపే సన్నటి పొడి కలిపి వేయించా. ఇప్పుడు గరుకుగా ఉంది. చిన్నపిల్లలు, పెద్దవాళ్లు ఉన్న ఇంట్లో మొదటి రోజే ఇలా వేయించండి.

రంగు మాట. రెంటచింతల ఎండలు మనకి కొత్త కాదు. ముదురు రంగు మీద మిట్టమధ్యాహ్నం చెప్పుల్లేకుండా నిలబడలేరు. లేత రంగులు తీసుకోండి. ఎరుపు, పసుపు, గోధుమ లాంటి ఐరన్ ఆక్సైడ్ రంగులు ఎండకి తట్టుకుంటాయి.

మెయింటెనెన్స్‌లో నేను చేసిన ఘనకార్యం ఒకటుంది. మొదటి నెలల్లో పైన తెల్లపొడి పొంగింది. లోపలి సున్నం నీళ్లతో పైకొచ్చి ఆరితే అలా అవుతుంది. గట్టి బ్రష్, మంచినీళ్లతో కొన్నాళ్లు కడిగితే పోతుంది. నేను బాత్రూం యాసిడ్ పోశా. బుసబుసమని నురగ, ఆ చోట రంగు ఔట్. నాపరాయి మీద నిమ్మరసం పడితే మచ్చ ఎలా పడుతుందో ఇదీ అంతే, రెండింట్లోనూ ఉన్నది సున్నమే. మామూలుగా నీళ్లు, కాస్త డిటర్జెంట్ చాలు. రెండు మూడేళ్లకోసారి ఒక చెంచా నీళ్లు పోసి చూడండి. ముత్యాల్లా నిలిస్తే సీలర్ బానే ఉంది. ఇంకి నల్లబడితే మళ్లీ వేయించాలి. కొత్త కాంక్రీటు మీదైతే 28 రోజులు ఆగి, బాగా ఆరాక, చల్లని పూట, పల్చగా వేయాలి. మందంగా వేస్తే లోపలి తడి పోలేక తెల్లగా పొర కడుతుంది.

మరి మళ్లీ కట్టిస్తే ఏం చేస్తావని అడిగితే, నల్లరేగడిలో స్టాంప్డ్ జోలికి పోను. పార్కింగ్ టైల్స్ వేస్తా. ఎక్కడ కుంగితే అక్కడ నాలుగు తీసి, కింద సర్ది, మళ్లీ పెట్టుకోవచ్చు. కారు తిరిగే చోట 80 మిల్లీమీటర్ల మందం, నడిచే చోట 60. అక్కడా గ్రావెల్ పని తప్పదు. లేదా నాపరాళ్లు. మన మాచర్లలో 1958 నుంచి సిమెంటు తయారవుతోంది, పిడుగురాళ్ల అంటేనే సున్నం బట్టీలు. ఇంత రాయి చుట్టూ పెట్టుకుని, రాయిలా కనపడాలని కాంక్రీటుకి అచ్చులు గుద్దించా నేను.

గేటు దగ్గర ఆ నాలుగడుగులు మాత్రం పగలగొట్టించి మామూలు నాపరాళ్లు వేయించాం. అచ్చుల గుంటల్లో ముగ్గు నిలవట్లేదని నాయనమ్మ మొదటి రోజు నుంచీ అంటూనే ఉంది. ఇప్పుడు అక్కడే పెడుతోంది, ఎడమ చేత్తో గోడ పట్టుకుని. "వీడియోలో ముగ్గు కనపడేట్టు తియ్యరా" అంది, అందుకే జూమ్ చేస్తున్నా.

మీ ఇంటి ముందు నేల ఎలాంటిది, ఏం వేయించాలనుకుంటున్నారు, కామెంట్‌లో ఫోటోతో పెట్టండి. రేట్లు ఊరికో రకంగా ఉంటాయి, అవి నన్ను అడక్కండి.