పాత గేరు మోటారు కొనేముందు

(మండల రైతు సభలో చేసిన ప్రసంగం)



వేరుశనగ విత్తనానికి మందు పట్టించే డ్రమ్ము మెల్లగా తిరగాలి. నిమిషానికి 30 చుట్లు చాలు. జోరుగా తిప్పితే పైపొర ఊడి మొలక దెబ్బతింటుంది. మామూలు మోటారు సుమారు 1440 చుట్లు తిరుగుతుంది. దానికి 50కి 1 గేరు పెట్టె ఉంటే 29 చుట్లకు దిగుతుంది.

కొత్తది కొనే స్తోమత మనలో చాలామందికి లేదు. పాతవి విజయవాడ ఆటోనగర్‌లో, పట్టణాల్లోని పాత ఇనుము కొట్లలో వెతకండి. కొనేముందు నాలుగు సంగతులు చూడండి.

ఒకటి, ప్లేటు చదవండి. త్రీఫేజు మోటారు ఇంటి సింగిల్ ఫేజు కరెంటుకు నేరుగా నడవదు. రెండు, ఇరుసు పట్టి కదపండి. లొడలొడలాడితే బేరింగు అరిగినట్టే. మూడు, మాడు వాసన, ఆయిలు కారడం ఉన్నాయేమో చూడండి. నాలుగు, కొట్టు దగ్గరే పది నిమిషాలు నడిపించండి. చెయ్యి ఆనించలేనంత కాలితే వదిలేయండి.

చిన్న డ్రమ్ముకు కారు వైపర్ మోటారు సరిపోతుంది. 12 వోల్టుల బ్యాటరీతో నడుస్తుంది. గంటల తరబడి మాత్రం నడపకండి.

గేరు వేగం తగ్గించి బలం పెంచుతుంది. మెల్లగా తిరుగుతోంది కదా అని చెయ్యి పెడితే వేళ్ళు పోతాయి. గొలుసుకు రేకు మూత వేయండి. ఇంటి కరెంటుతో నడిపే మోటారుకు ఎర్తింగు తప్పనిసరి.

పదిమంది కలిసి ఒక్కటి చేయించుకోండి. యంత్రాల రాయితీ కౌలు రైతుకూ అందాలన్న మన డిమాండును వదిలేది లేదు. కానీ విత్తే అదును జీవో కోసం ఆగదు.