ఉప్పుగాలి - పలకధూళి
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మాట్లాడమని సంఘం వాళ్లు అడిగినప్పుడు, బడి జ్ఞాపకాలు నాలుగు చెప్పి దిగిపోదామనుకున్నాను. పోయిన నెలలో వచ్చిన ఒక ఫోనుతో ఆ ఆలోచన మారింది. చేసింది మన బ్యాచ్ వాడే. పేరు చెప్పను. పదో తరగతి తర్వాత నేను పాలిటెక్నిక్‌కు పోతే, వాడు పలకల ఫ్యాక్టరీకి పోయాడు.

"రేయ్, హైదరాబాదులో ఉప్పు గది ఉందంట. గోడలన్నీ ఉప్పేనంట. గంట కూర్చుంటే ఆయాసం పోతుందంట. మన సంఘం ఏమన్నా సాయం చేస్తుందేమో కనుక్కుంటావా?" అన్నాడు. మాట మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటున్నాడు. పది సిట్టింగులకు వాళ్లడిగిన డబ్బు వాడికి రెండు నెలల కూలి.

వెంటనే సరే అనలేకపోయాను, వద్దనీ అనలేకపోయాను. పన్నెండేళ్ల కిందట మా నాయనను అలాంటి గదిలోనే కూర్చోబెట్టినవాణ్ని నేను. అందుకే వాడికి ఇవ్వాల్సిన జవాబు ఇవాళ అందరి ముందూ చెబుతున్నాను.

ముందు ఉప్పు సంగతి. ఇది పూర్తిగా గాలికబురు కాదు. పోలండ్‌లో వియెలిచ్కా అనే పాత ఉప్పు గని ఉంది. అక్కడి వైద్యుడు ఫెలిక్స్ బొచ్కోవ్‌స్కీ గని పనివాళ్లలో ఊపిరితిత్తుల జబ్బులు తక్కువగా ఉన్నాయని గమనించి, 1843లో ఆ సంగతి పుస్తకంగా రాశాడు. తర్వాత తూర్పు ఐరోపాలో రోగులను ఉప్పు గనుల్లోకి దించి కూర్చోబెట్టడం వైద్యంగా స్థిరపడింది. గని దాకా పోలేనివాళ్ల కోసం 1980ల్లో సోవియట్ యూనియన్‌లో గదులు కట్టారు. పొడి ఉప్పును యంత్రంతో మెత్తగా నూరి, ఫ్యానుతో గాలిలోకి వదలడం వాటి పద్ధతి. నేటి ఉప్పు గదులన్నీ వాటి సంతానమే. గోడలకున్న ఉప్పు ఇటుకలు అలంకారం. పనేదైనా జరిగితే అది యంత్రం వదిలే పొడితోనే జరగాలి.

వైద్యంలో ఉప్పుకు నిజంగా చోటుంది. సిస్టిక్ ఫైబ్రోసిస్ అని పుట్టుకతో వచ్చే జబ్బొకటి ఉంది. అందులో కఫం జిగురులా గట్టిపడి శ్వాసనాళాలను మూసేస్తుంది. ఆస్ట్రేలియాలో ఆ జబ్బున్నవాళ్లలో సముద్రపు అలల మీద సర్ఫింగ్ చేసేవాళ్లు కాస్త తేలిగ్గా ఉంటున్నారని గమనించారు. 7 శాతం ఉప్పునీటిని నెబ్యులైజర్‌తో పీల్పించి చూస్తే మేలు చేస్తోందని 2006లో ప్రచురించిన పరీక్షల్లో తేలింది. కారణం మనింట్లో కనపడేదే. మామిడికాయ ముక్కల మీద ఉప్పు చల్లితే ఊట ఊరుతుంది కదా. ఊపిరితిత్తుల్లోనూ ఉప్పు నీటిని తనవైపు లాగుతుంది, కఫం పలచబడుతుంది.

అయితే అది కొలత ప్రకారం, డాక్టరు పర్యవేక్షణలో చేసేది. ఉప్పు గదికి అలాంటి రుజువు లేదు. గుహల్లో, గనుల్లో కూర్చోబెట్టి ఆస్తమాకు చేసే వైద్యం మీద జరిగిన పరీక్షలను కోక్రేన్ సంస్థ సమీక్షించి, ఆధారం చాలదని తేల్చింది. పైగా గాఢమైన ఉప్పునీటి తుంపర కొందరు ఆస్తమా రోగుల్లో శ్వాసనాళాలను బిగించేస్తుంది. జబ్బును నిర్ధారించే పరీక్షగా దాన్ని వాడేదీ అందుకే. ఇంకో మాట. మనిళ్లలో మరిగే నీళ్లలో ఉప్పు వేసి ఆవిరి పడుతుంటారు. ఆవిరిలో పైకొచ్చేది నీరే. ఉప్పు గిన్నెలోనే ఉండిపోతుంది. ఇది మన సైన్సు మాస్టారు బాష్పీభవనం పాఠంలో చెప్పిందే.

ఇప్పుడు మన రాయి సంగతి. ఒకప్పుడు మన జిల్లాకు తూర్పున సముద్రం ఒడ్డు ఉప్పు కొఠార్లు, పడమర మార్కాపురం పలకలు. తెలుగునాట పిల్లలు అ ఆలు దిద్దిన పలకల్లో ఎన్నో మన ఊరివే. పలకల గిరాకీ తగ్గాక అదే రాయిని ఇళ్లకు, గోడలకు బిళ్లలుగా కోస్తున్నారు. ఆ రాయిలో స్ఫటికం ఉంటుంది, అంటే సిలికా. కోసేటప్పుడు, అరగదీసేటప్పుడు అది పిండిలా లేస్తుంది.

కంటికి కనపడే దుమ్ముతో అంత ప్రమాదం లేదు. దాన్ని ముక్కూ గొంతూ ఆపుతాయి. మన వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. అందులో పదో వంతు కంటే చిన్న రేణువులు తిన్నగా ఊపిరితిత్తుల అడుగుకు చేరతాయి. ఉప్పు గది యంత్రం వదిలే రేణువులూ దాదాపు అదే సైజు. తేడా ఏమిటంటే, ఉప్పు తడి తగలగానే కరిగిపోతుంది. సిలికా కరగదు. దాన్ని మింగిన రక్షణ కణాలు చచ్చిపోతాయి, ఆ రేణువు మళ్లీ బయటపడుతుంది, ఇంకో కణం మింగుతుంది. ఈ పోరులో మెత్తటి ఊపిరితిత్తి మచ్చకట్టి గట్టిపడుతుంది. దాని పేరు సిలికోసిస్. ఆ మచ్చలను పోగొట్టే మందు ఇంతవరకు లేదు. ఇక కఫాన్ని పలచబరిచే ఉప్పు ఆ మచ్చను ఏం చేయగలదు?

మా నాయన ఇరవై రెండేళ్లు కోత మిషన్ దగ్గర పనిచేశాడు. సాయంత్రం ఇంటికొస్తే కనురెప్పల మీద కూడా బూడిదరంగు పొడి. అమ్మ గుమ్మం బయటే తువ్వాలుతో దులిపేది. నేను పక్కనే నిలబడేవాణ్ని. దగ్గు మొదలయ్యాక ఒక ఆసుపత్రిలో క్షయ అన్నారు. మందులు వాడినా దగ్గు తగ్గలేదు. మళ్లీ క్షయ అన్నారు, మళ్లీ మందులు. ఏం పని చేస్తావని ఆయన్ను ఎవరూ అడగలేదు. అడిగివుంటే జవాబు దొరికేది. ఎక్స్‌రేలో రెండు జబ్బులూ ఒకేలా కనపడొచ్చు. సిలికా ఉన్న ఊపిరితిత్తికి నిజంగానే క్షయ కూడా త్వరగా సోకుతుంది.

చివరికి హైదరాబాదులో ఒక పెద్ద డాక్టరుగారు సిలికోసిస్ అని తేల్చారు. అప్పుడు కూడా నా మనసు ఒప్పుకోక, ఎవరో చెబితే ఆ ఉప్పు గదికి తీసుకుపోయాను. పది రోజులు. నీలం దీపాలు, సన్నటి సంగీతం. పదో రోజు బయటికొస్తూ నాయన, "పెద్దోడా, ఇంకో రకం దుమ్ములో కూర్చోబెట్టావు గదరా" అని నవ్వాడు. ఆ నవ్వుకే దగ్గు తెర వచ్చింది. మరుసటి ఏడు ఆయన పోయాడు.

మీకు చెప్పుకోవలసిన సిగ్గుపడే సంగతి వేరే ఉంది. నా ఉద్యోగమే ధూళి. సిమెంటు ఫ్యాక్టరీలో బ్యాగ్ ఫిల్టర్లు, ఫ్యాన్లు, గొట్టాలు చూసుకునే ఇంజినీరును. చిమ్నీలోంచి పొడి బయటికి పోకుండా ముప్పై ఏళ్లు కాపలా కాశాను. మా నాయన మిషన్ దగ్గరికి మాత్రం ఒక గొట్టమూ వేయలేదు. సెలవులకు వచ్చేవాణ్ని, మాట్లాడి పోయేవాణ్ని. కోత బ్లేడు మీద సన్నటి నీటి ధార పడితే పొడి లేవకుండా అక్కడే చాలావరకు అణిగిపోతుందని నాకు తెలుసు. తెలిసీ చేయలేదు.

"తాగడానికే నీళ్లు లేని చోట రాయికి నీళ్లేంది సామీ" అని మీరనొచ్చు. న్యాయమైన ప్రశ్న. మనం ట్యాంకరు కోసం బిందెలు వరస పెట్టినవాళ్లమే. కానీ ఆ నీటిని పారబోయనక్కర్లేదు. రెండు తొట్లు కట్టి, మొదటిదాంట్లో బురద పేరుకోనిచ్చి, రెండోదాంట్లోని తేట నీటిని చిన్న మోటారుతో మళ్లీ బ్లేడుకే పంపొచ్చు. రోజూ కొత్తగా పోయాల్సింది తరిగిపోయినంతే. ఆ బురదను తడిగా ఉండగానే ఎత్తేయాలి. ఎండితే మళ్లీ ధూళే. నేలను చీపురుతో ఊడ్వకుండా తడిపి కడగాలి. ముఖానికి కట్టిన తువ్వాలు ఆ సన్న రేణువులను ఆపదు. కనీసం ఎన్95 మాస్కు, ముఖానికి సరిగ్గా అతుక్కునేది కావాలి.

చట్టం కూడా మన పక్షానే ఉంది. 1948 ఫ్యాక్టరీల చట్టం సిలికోసిస్‌ను డాక్టరు తప్పనిసరిగా తెలియజేయాల్సిన జబ్బుల్లో చేర్చింది. 1923 నాటి కార్మికుల పరిహార చట్టంలోనూ దుమ్ము వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బులుండేవి. అయితే ఎక్కడ, ఎన్నేళ్లు పనిచేశాడో చూపే కాగితం లేకపోతే మనిషి నిలబడలేడు. హాజరు చీటీ అయినా, కూలి పుస్తకమైనా పారేయొద్దని మీ ఇళ్లలో చెప్పండి.

ఇక నా మిత్రుడికి జవాబు. రేయ్, ఉప్పు గదికి డబ్బులివ్వమని నేను సంఘాన్ని అడగను. నువ్వు ముందు ఛాతీ డాక్టరు దగ్గరికి రా, నేను వెంట వస్తా. ఎక్స్‌రే, ఊపిరి కొలిచే స్పైరోమెట్రీ, కఫం పరీక్ష చేయిద్దాం. నీ పని ఏంటో నేనే డాక్టరుకు చెబుతా. ఇన్‌హేలర్ ఇస్తే, అలవాటైపోతుందని భయపడి మానేయొద్దు. అన్నిటికన్నా ముందు ఆ మిషన్ దగ్గర్నుంచి లే. కూర్చుని చేసే పనేదైనా చూడడం మా బాధ్యత.

సంఘానికి రెండు మనవులు. స్వర్ణోత్సవ నిధిలో కొంత తీసి, రాయి పని చేసే మన పూర్వ విద్యార్థులకు, వాళ్ల ఇంట్లోవాళ్లకు ఏడాదికోసారి ఊపిరితిత్తుల పరీక్షలు చేయించండి. రెండోది, నీటి తొట్లు పెట్టడానికి ఒప్పుకునే యజమాని ఒక్కరిని చూపించండి. డ్రాయింగు నాది, మొదటి మోటారు ఖర్చూ నాదే. ఆ యజమానుల్లోనూ మన బడి వాళ్లున్నారు. ఈ సభలోనే ఉన్నారు.

మనమంతా పలక మీద దిద్దినవాళ్లం. తప్పు రాస్తే తడిగుడ్డతో తుడిచి మళ్లీ రాసుకున్నాం. ఊపిరితిత్తి మీద పడిన రాత చెరిగేది కాదు. అందుకే పడకముందే నీళ్లు చల్లుదాం.