డేటాబేస్‌కి కనెక్ట్ అవ్వడమే కాదు, వదలడం కూడా నేర్చుకుందాం

ఈ ఎపిసోడ్‌లో వెబ్ యాప్‌ని డేటాబేస్‌కి ఎలా కనెక్ట్ చేయాలో చూద్దాం. నోడ్ జేఎస్, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ తీసుకుంటున్నా. మీరు పైథాన్ వాడినా, జావా వాడినా విషయం ఒకటే.

ముందు ఒక యాప్ అనుకుందాం. మీ కాలేజీలో నలుగురు ఫ్రెండ్స్ కలిసి బ్లడ్ డోనర్ యాప్ చేశారు. బ్లడ్ గ్రూప్ సెలెక్ట్ చేస్తే దగ్గర్లో ఉన్న దాతల నంబర్లు వస్తాయి. అంతే. చిన్న యాప్, కానీ దాన్ని ఓపెన్ చేసేవాళ్లు సరదాకి ఓపెన్ చేయరు. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

కనెక్ట్ అవ్వాలంటే ఐదు వివరాలు కావాలి. హోస్ట్, పోర్ట్, డేటాబేస్ పేరు, యూజర్, పాస్‌వర్డ్. పోస్ట్‌గ్రెస్ పోర్ట్ మామూలుగా 5432, మైఎస్‌క్యూఎల్ అయితే 3306. ఇక్కడ చాలామంది ఆగిపోయేది హోస్ట్ దగ్గరే. "లోకల్‌హోస్ట్" అంటే "ఈ కోడ్ ఏ మెషీన్‌లో నడుస్తోందో ఆ మెషీన్" అని అర్థం. మీ ల్యాప్‌టాప్‌లో ఉన్నప్పుడు అది ల్యాప్‌టాప్. డాకర్ కంటైనర్‌లో పెడితే అది ఆ కంటైనరే. డేటాబేస్ వేరే కంటైనర్‌లో ఉంటే లోకల్‌హోస్ట్ అని ఎంత పిలిచినా పలకదు. ఇక పాస్‌వర్డ్ కోడ్‌లో రాయకండి, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో పెట్టండి. కోడ్ గిట్‌హబ్‌కి వెళ్తుంది, పాస్‌వర్డ్ వెళ్లకూడదు.

ఓకే, ఐదూ ఇచ్చారు, రన్ చేశారు, కన్సోల్‌లో "కనెక్టెడ్" అని వచ్చింది. చాలా ట్యుటోరియల్స్ ఇక్కడితో అయిపోతాయి. నా ఉద్దేశంలో అసలు సంగతి ఇక్కడే మొదలవుతుంది.

ఒక కనెక్షన్ తెరవడం అంటే ఏం జరుగుతుందో చూడండి. ముందు నెట్‌వర్క్‌లో రెండు మెషీన్లు చేతులు కలపాలి. ఎన్‌క్రిప్షన్ ఉంటే దానికి ఇంకొన్ని మాటలు నడవాలి. తర్వాత పాస్‌వర్డ్ చెక్. ఇవి కాక, పోస్ట్‌గ్రెస్ ఒక్కో కనెక్షన్‌కి సర్వర్‌లో ఒక్కో కొత్త ప్రాసెస్ పుట్టిస్తుంది. దానికి మెమరీ కావాలి. అందుకే ఒక లిమిట్ ఉంటుంది. పోస్ట్‌గ్రెస్‌లో డిఫాల్ట్‌గా 100 కనెక్షన్లు, అందులో 3 సూపర్‌యూజర్ కోసం పక్కన పెట్టి ఉంచుతుంది. అంటే మీకు మిగిలేది 97. ప్రతి రిక్వెస్ట్‌కీ కొత్త కనెక్షన్ తెరిస్తే, జనం ఒక్కసారిగా వచ్చిన రోజున 98వ మనిషికి తలుపు మూసేస్తుంది.

దీనికి మందు కనెక్షన్ పూల్. ఇది అద్దె సైకిల్ షాపు లాంటిది. మీరు చూసి ఉండకపోవచ్చు, ఇంట్లో నాన్నని అడగండి. షాపులో పది సైకిళ్లు ఉంటాయి. కావాల్సినవాడు తీసుకుంటాడు, పని చూసుకుని తిరిగి తెచ్చిస్తాడు, తర్వాతివాడు తీసుకుంటాడు. ఊరు వెళ్లాల్సిన ప్రతివాడూ కొత్త సైకిల్ కొనక్కర్లేదు.

"పదితో సరిపోతుందా?" అని డౌట్ వస్తుంది. లెక్క వేద్దాం. ఒక క్వెరీకి 10 మిల్లీసెకన్లు పడుతుందనుకోండి. ఒక్క కనెక్షన్ సెకనుకి 100 క్వెరీలు చేస్తుంది. పది కనెక్షన్లు అయితే 1000. మీ కాలేజీకి ధారాళంగా సరిపోతుంది. నోడ్‌లో పీజీ అనే లైబ్రరీ ఉంది కదా, దాని పూల్‌లో డిఫాల్ట్ కూడా 10 కనెక్షన్లే.

ఇప్పుడు జాగ్రత్తగా వినండి. మామూలు క్వెరీ అయితే పూల్ డాట్ క్వెరీ అని రాస్తే చాలు. తీసుకోవడం, తిరిగివ్వడం అదే చూసుకుంటుంది. కానీ ట్రాన్సాక్షన్ చేయాలంటే పూల్ డాట్ కనెక్ట్ అని సైకిల్ మన చేతికి తీసుకోవాలి. పని అయ్యాక రిలీజ్ అని మనమే తిరిగివ్వాలి. చాలామంది రిలీజ్‌ని చివరి లైన్‌లో రాస్తారు. మధ్యలో క్వెరీ ఫెయిల్ అయితే? కోడ్ అక్కడి నుంచే బయటికి దూకేస్తుంది. చివరి లైన్ దాకా రాదు. ఒక సైకిల్ పోయింది.

ఒకటి పోతే ఎవరికీ తెలియదు, ఇంకా తొమ్మిది ఉన్నాయి. అలా పదిసార్లు ఎర్రర్ వచ్చిందనుకోండి, షాపు ఖాళీ. ఇంకో విషయం చెప్తా చూడండి. పీజీ పూల్‌లో కనెక్షన్ కోసం ఎంతసేపు ఆగాలనే టైమవుట్ డిఫాల్ట్‌గా సున్నా. సున్నా అంటే వెంటనే అని కాదు, అసలు లిమిట్ లేదని. అంటే యాప్ క్రాష్ అవ్వదు, పూల్ ఏ ఎర్రరూ ఇవ్వదు, సర్వర్ నడుస్తూనే ఉంటుంది. స్క్రీన్ మీద చక్రం మాత్రం గిర్రున తిరుగుతూ ఉంటుంది.

ఇప్పుడు మన బ్లడ్ డోనర్ యాప్‌కి రండి. రాత్రి హాస్పిటల్ వరండాలో నిలబడి ఎవరో ఓ నెగెటివ్ అని వెతుకుతున్నారు. "పనిచేయట్లేదు" అని ఎర్రర్ వస్తే వెంటనే బ్లడ్ బ్యాంక్‌కి ఫోన్ చేస్తారు. చక్రం తిరుగుతుంటే? ఇదిగో వస్తుంది, ఇదిగో వస్తుంది అని ఎదురుచూస్తారు. అందుకే నేనంటాను, ఫెయిల్ అయ్యే యాప్ కన్నా ఫెయిల్ అయ్యానని చెప్పని యాప్ ప్రమాదం.

కాబట్టి మూడు పనులు చేయండి. ఒకటి, కనెక్షన్ తీసుకున్నాక మిగతా పని అంతా ట్రై బ్లాక్‌లో, రోల్‌బ్యాక్ క్యాచ్‌లో, రిలీజ్ ఫైనల్లీలో పెట్టండి. పని జరిగినా చెడినా ఫైనల్లీ నడుస్తుంది, సైకిల్ షాపుకి చేరుతుంది. రోల్‌బ్యాక్ లేకుండా తిరిగిస్తే సగంలో ఆగిన ట్రాన్సాక్షన్ తర్వాతివాడి నెత్తిన పడుతుంది. రెండు, కనెక్షన్ టైమవుట్ పెట్టండి. ఐదు సెకన్లు అంటే 5000 మిల్లీసెకన్లు. అది దాటితే యూజర్‌కి సూటిగా చెప్పేయండి, పక్కనే బ్లడ్ బ్యాంక్ నంబర్ చూపించండి. మూడు, పూల్‌లో వెయిటింగ్ కౌంట్ అని ఉంటుంది, అప్పుడప్పుడూ దాన్ని లాగ్‌లో ప్రింట్ చేయండి. జనం లేని టైంలో కూడా అది పెరుగుతోందంటే ఎక్కడో ఎవరో సైకిల్ తిరిగివ్వట్లేదన్నమాట.

ఇంకో చిన్న లెక్క. పూల్ అనేది ఒక్కో యాప్ ప్రాసెస్‌కి ఒక్కోటి. మీరు అదే యాప్‌ని పది కాపీలు నడిపితే పది పదులు వంద. మనకున్నది 97 అని ఇందాకే చెప్పా. కాపీలు పెంచేముందు ఈ గుణకారం చేయండి. బాగా పెరిగితే మధ్యలో పీజీబౌన్సర్ లాంటిది పెట్టుకోవచ్చు.

ఈరోజే ఒక టెస్ట్ చేసి చూడండి. మీ ప్రాజెక్ట్‌లో పూల్ సైజ్ 1 పెట్టండి. ట్రాన్సాక్షన్ మధ్యలో కావాలనే ఒక తప్పు క్వెరీ రాయండి. ఒకసారి దాన్ని రన్ చేసి, ఇంకోసారి పేజీ ఓపెన్ చేయండి. వెంటనే మళ్లీ అదే ఎర్రర్ వచ్చిందా, మీ కోడ్ ఓకే. చక్రం తిరుగుతోందా, రిలీజ్ ఎక్కడుందో వెతకండి.

వచ్చే ఎపిసోడ్‌లో యూజర్ టైప్ చేసిన మాటని క్వెరీలోకి సేఫ్‌గా ఎలా పంపాలో చూద్దాం. ఈ వీడియో మీ ప్రాజెక్ట్ టీమ్‌లో ఉన్న నలుగురికీ షేర్ చేయండి. ఉంటాను ఫ్రెండ్స్, బై.