గుట్టు ఎవరి మేలుకు?

కుటుంబ న్యాయస్థానం మెట్లెక్కిన ఇల్లాలు మనోవర్తి అడుగుతుంది గాని, తిన్న దెబ్బల సంగతి చెప్పదు. ఇంటిగుట్టు లంకకు చేటని భయం! 1984 నాటి చట్టం ప్రకారం ఆ కోర్టు ముందుగా రాజీకే ప్రయత్నిస్తుంది. హింస ఉన్నదని తెలియకపోతే, సర్దుకుపొమ్మని మళ్ళీ ఆ ఇంటికే పంపవచ్చు. అందుచేత మొదటి రోజే చెప్పండమ్మా. ఆస్పత్రి చీటీలు దాచండి, కొట్టిన తేదీలు రాసిపెట్టుకోండి.

2005 నాటి గృహహింస చట్టం 26వ సెక్షను కింద, కొట్టరాదనీ, ఇంట్లోంచి గెంటరాదనీ ఉత్తర్వులు ఆ కేసులోనే కోరవచ్చు. ఇల్లు మీ పేర లేకపోయినా, కాపురమున్న ఇంట్లో ఉండే హక్కు మీకుంది.

ఇక గుట్టంటారా? మీరు కోరితే విచారణ తలుపులు మూసే జరపాలని ఆ 1984 చట్టమే చెబుతోంది. మరి జంకెందుకు?